బ్యారన్ అన్న మాట ఎక్కడిది? ఒక పాత ఇంగ్లీషు మాట పుట్టుకను వెదికే పద్ధతి

గుంటూరు చుట్టుపక్కల వర్జీనియా పొగాకు పండించిన కుటుంబాలకు బ్యారన్ అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. పచ్చాకును కర్రలకు కట్టి, వరుసమీద వరుసగా పైదాకా వేలాడదీసి, కింద పొయ్యిలో పుట్టిన వేడిని రేకు గొట్టాల గుండా గదంతా తిప్పి, ఆకు ముందు పసుపురంగుకు తిరిగి ఆ తరవాత ఈనెతో సహా ఎండేదాకా రాత్రింబగళ్ళు కాపలా కాసే ఎత్తైన ఇటుకల గది అది. చిన్నతనంలో నేను ఆ మాటను ఇంగ్లండు ప్రభువుల బిరుదైన బేరన్‌తో ముడిపెట్టుకున్నాను. బ్యారన్ ఉన్నవాడు ఊళ్ళో మోతుబరి కనక, మోతుబరితనం నుంచే ఆ పేరు వచ్చిందని నాకు నేనే తీర్పు చెప్పుకుని, కాలేజీ రోజుల్లో నలుగురి ముందు ధీమాగా చెప్పాను కూడా. అది పూర్తిగా తప్పు. ఆ తప్పును దిద్దుకునే క్రమంలో పట్టుబడిన పద్ధతినే ఇక్కడ వివరిస్తున్నాను. పది మాటలను పైపైన తడమడం కంటే ఒక్క మాటను మొదలంటా తవ్వడం మేలు కనక, బ్యారన్‌నే చివరిదాకా నడిపించి చూపుతాను. తరవాత అదే పద్ధతిని మరో మాట మీద పెట్టి, అది ఎంతవరకు పనిచేస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో చూద్దాం.

మాట పుట్టుకను వెదికేవాడు వెనక్కి నడవాలి. ఈ రోజు మన నోట ఉన్న రూపం దగ్గర మొదలుపెట్టి, ఒక్కొక్క మెట్టే దిగుతూ, ప్రతి మెట్టు దగ్గరా కాలం తెలిసిన సాక్ష్యం ఉందా అని అడుగుతూ పోవాలి. రెండు మాటల ధ్వని కలిసిందని ఒక్క గెంతులో అడుక్కి దూకేవాళ్ళే ఎక్కువ. నేను చేసిందీ అదే.

మొదటి పని: రాసిన రూపం పట్టుకోవడం

తెలుగు లిపిలోకి వచ్చిన ఇంగ్లీషు మాట తన అసలు గుర్తును సగం పోగొట్టుకునే వస్తుంది. బ్యారన్, బారన్ అని ఊరికొక తీరుగా పలికే ఈ మాట ఇంగ్లీషులో ఏ అక్షరాలతో రాస్తారో తెలియకుండా నిఘంటువు తెరిచినా ప్రయోజనం లేదు. కాబట్టి మొదట ఆ వృత్తికి సంబంధించిన కాగితం వెదకాలి. మా ఇంట్లో ఆ కాగితం తాతయ్య ట్రంకుపెట్టెలో, పాత పన్ను రసీదుల అడుగున దొరికింది. గుంటూరు కేంద్రంగా 1976లో పొగాకు బోర్డు ఏర్పడ్డాక ఆకును క్యూరింగ్ చేసే, అంటే వేడితో ఎండబెట్టే, గదులకు లైసెన్సులు ఇచ్చే ఏర్పాటు వచ్చింది. ఆ లైసెన్సు కాగితం మీద, చెదలు కొరకగా మిగిలిన మూలలో, ఆ మాట ఇంగ్లీషు అచ్చులో స్పష్టంగా ఉంది: బి, ఎ, ఆర్, ఎన్. నాలుగే అక్షరాలు. ప్రభువు బిరుదుకు ఐదు అక్షరాలు కావాలి, మధ్యలో ఓ ఉండాలి. నా ధీమా అక్కడితో సరి.

అయితే ఆర్, ఎన్ మధ్య లేని అచ్చు మన నోట్లోకి ఎలా వచ్చింది? ర్న్, ర్మ్ వంటి హల్లుల జంటతో మాట ముగియడం తెలుగు నాలుకకు అలవాటు లేదు. అందుకే ఫార్మ్ మన దగ్గర కోళ్ళ ఫారం అయింది, ఫిల్మ్ ఫిలిం అయింది, బార్న్ బ్యారన్ అయింది. ఇలా ఒకే మార్పు అనేక మాటల్లో కనిపించినప్పుడే దాన్ని నమ్మాలి. ఒక్క మాటకే వర్తించే మార్పును ఎవరైనా చూపిస్తే అది వివరణ కాదు, సర్దుబాటు.

రెండో పని: తేదీలున్న వాక్యాలు చదవడం

నిఘంటువు తెరవగానే పదం పక్కన ఉండే వ్యుత్పత్తి, అంటే మాట పుట్టుక వివరణ, మీదికి కన్ను పోతుంది. దాన్ని కాసేపు పక్కన పెట్టి, కింద కాలక్రమంలో పేర్చిన ప్రయోగవాక్యాలను ముందు చదవమని నా సలహా. వ్యుత్పత్తి ఒక పండితుడి అభిప్రాయం, వాక్యం సాక్షి. ఈ పనికి ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీని మించినది లేదు. 1884లో తొలి భాగం వెలువడి 1928 నాటికి పూర్తయిన ఆ నిఘంటువు, ప్రతి అర్థం కిందా అది ఎప్పుడు ఎవరి రాతలో కనిపించిందో వాక్యాలతో సహా ఇస్తుంది. నేటి కూర్పుకు చందా కట్టాలి కానీ, మన మాట ఉన్న ఏ, బీ అక్షరాల సంపుటం 1888 నాటిది కనక ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా చదువుకోవచ్చు. విజయవాడ పేవ్‌మెంటు మీద పాత పుస్తకాలవాడి దగ్గర నేను కొన్న స్కీట్ సంక్షిప్త వ్యుత్పత్తి నిఘంటువు జేబుకు తేలికే గానీ అందులో వాక్యాలు తక్కువ. దారి చూపడానికి సరిపోతుంది, తీర్పుకు చాలదు.

ఇక్కడ ఒక పారిభాషిక విషయం తెలుసుకోవాలి. మనం మామూలుగా పాత ఇంగ్లీషు అంటే పాతబడిన ఇంగ్లీషు అనుకుంటాం. భాషాచరిత్రకారులకు ఓల్డ్ ఇంగ్లీష్ అంటే క్రీ.శ. 5వ శతాబ్దం నుంచి దాదాపు 1100 వరకు నడిచిన భాష. ఈనాటి ఇంగ్లీషు ఎంత బాగా వచ్చినా అది అర్థం కాదు. మన శాసనాల తెలుగు మనకు కనీసం అక్కడక్కడ తగులుతుంది, అది వాళ్ళకు అలా కూడా తగలదు. అక్కడి నుంచి సుమారు 1500 దాకా మధ్య ఇంగ్లీషు. నిఘంటువులో ఓ, ఇ అన్న పొడి అక్షరాలు మొదటి దానికి, ఎం, ఇ అన్నవి రెండో దానికి గుర్తులు. మాట ముందు నక్షత్రం గుర్తు ఉంటే ఆ రూపం ఎక్కడా రాతలో దొరకలేదని, పండితులు ఊహించి కట్టినదని అర్థం. ఆ నక్షత్రాన్ని గమనించకుండా ఊహను దొరికిన రూపంగా చెప్పేవాళ్ళను చాలామందిని చూశాను.

బార్న్ విషయంలో సాక్షులు మనకు మంచి దూరమే తీసుకెళ్తారు. 1755లో శామ్యూల్ జాన్సన్ తన నిఘంటువులో దీనికి ధాన్యం, గడ్డి నిలవ చేసే ఇల్లు అనే అర్థం ఇచ్చాడు. అందులో పొగాకు ఊసు లేదు. ఇంకా వెనక్కి, 10వ శతాబ్దానికి పోతే, ఇంగ్లండులోని లిండిస్‌ఫార్న్ మఠం పేరుతో ఉన్న బైబిలు సువార్తల లాటిన్ ప్రతిలో పంక్తుల మధ్య ఒక మతాచార్యుడు రాసుకున్న ఇంగ్లీషు అర్థాల్లో ఇది బెర్-ఎర్న్ అన్న రూపంలో ఉంది. ఇంతదాకా ఒకే ముద్దలా కనిపించిన మాటలో ఇప్పుడు అతుకు బయటపడింది. ఇటువంటి చోట తొందరపడకుండా ఆగాలి.

మూడో పని: అతుకు విప్పడం

ఓల్డ్ ఇంగ్లీషు మాటలకు బాస్వర్త్, టోలర్ అనే ఇద్దరి పేరుమీద ఉన్న ఆంగ్లో శాక్సన్ నిఘంటువు ఆధారం. అది ఆన్‌లైన్‌లో ఉచితం. అందులో బెరె అంటే బార్లీ, ఆర్న్ అంటే ఇల్లు. బెరె-ఆర్న్ అంటే బార్లీ ఇల్లు. పలకగా పలకగా అది బెరెర్న్ అయి, బెర్న్ అయి, చివరికి బార్న్ అయింది.

ఇలా విప్పగానే సంబరపడి వదిలేయకూడదు. రెండు ముక్కలూ వేరే మాటల్లో కూడా ఉన్నాయా అని చూడాలి. ఉప్పు పండించే చోటును ఇంగ్లీషులో సాల్టర్న్ అంటారు. అందులో వెనక ఉన్నది ఈ ఆర్న్ ముక్కే. స్కాండినేవియా పాత భాషలో ఇల్లు అనడానికి రన్ అనే మాట ఉంది. ఆర్న్, రన్ అని అక్షరాలు తారుమారయ్యాయేమిటని సందేహం రావచ్చు. తమిళంలో ఇరండు మనకు రెండు అయినట్టు, ర చుట్టూ అచ్చులు చోటు మారడం భాషల్లో మామూలు. ఆ రన్ నుంచే ఇల్లంతా గాలించడం అనే అర్థంలో ర్యాన్‌సాక్ అనే మాట ఇంగ్లీషులోకి వచ్చింది. ఇక బెరె సంగతి. ఈనాటి బార్లీ అన్న మాటే బెరెకు సంబంధించినది అనే విశేషణం నుంచి పుట్టింది. స్కాట్లండుకు ఉత్తరాన ఆర్క్‌నీ దీవుల్లో ఒక రకం బార్లీని నేటికీ బేర్ అనే పిలుస్తారు. రెండు ముక్కలకూ వేరువేరు చుట్టాలు దొరికాయి కాబట్టి అతుకు నిజమైనదే.

బెర్న్‌లోని ఎకారం బార్న్‌లో ఆకారం ఎలా అయిందన్న ప్రశ్న మిగిలింది. మధ్య ఇంగ్లీషు చివరి కాలంలో ర ముందున్న ఎకారం ఆకారంగా మారింది. స్టెర్ర్ స్టార్ అయింది, డెర్క్ డార్క్ అయింది, కౌలు అనే అర్థంలో ఫ్రెంచి నుంచి వచ్చిన ఫెర్మ్ ఫార్మ్ అయింది. ఇంగ్లండులో క్లర్కును రాయడం ఇ అక్షరంతోనే రాసి పలకడం క్లార్క్ అని పలుకుతారు. రాత పాతది, పలుకు కొత్తది. మన ఆఫీసుల్లో క్లర్కు అన్న పలుకు ఆ రాతను పట్టుకున్నదే.

అర్థం ఎలా జారిందో చూడడం

ఈ భాగమే నాకు అన్నిటికంటె ఇష్టం. సుమారు వెయ్యేళ్ళ కిందటి సువార్తల ఇంగ్లీషు అనువాదంలో, రైతు తూర్పారబట్టిన తరవాత తన గోధుమలను తన బెర్న్‌లోకి చేరుస్తాడు అనే వాక్యం ఉంది. బార్లీ ఇంట్లో గోధుమలేమిటి? ఆనాటికే ఆ మాట మాట్లాడేవాళ్ళకు అందులో బార్లీ ఉన్న సంగతి మరుపుకు వచ్చింది. ఇది వింతగా తోస్తే మన వంటింట్లోకి చూడండి. నూనె అంటే నువ్వుల నెయ్యి. నువ్వు, నెయ్యి కలిసి అరిగిపోయి నూనె అయింది. ఇప్పుడు మనం కొబ్బరి నూనె, వేరుశెనగ నూనె అంటాం, నువ్వుల నూనె అని కూడా అంటాం. ఎవరికీ ఎబ్బెట్టుగా ఉండదు. మాట అతుకు తెలియనంతగా అరిగితేనే అర్థానికి ఇటువంటి స్వేచ్ఛ వస్తుంది. మన భాషాశాస్త్రవేత్తలు దీన్ని అర్థవ్యాకోచం అన్నారు. కాబట్టి వాక్యాలు చదివేటప్పుడు, మాట ఉన్న చోటికంటె దాని పక్కన ఏ సరుకు ఉందో కనిపెట్టాలి. ఒక్క గోధుమ గింజ ఇక్కడ ఎంత చెప్పిందో చూడండి.

అక్కడి నుంచి బార్న్ ధాన్యపు కొట్టు అయింది. అమెరికాకు వలసపోయాక ధాన్యం, గడ్డితోపాటు పశువులు, గుర్రాలు ఉండే పెద్ద కొట్టంగానూ మారింది. వర్జీనియా, కరొలైనా రైతులు పొగాకు ఆరబెట్టే ఇంటికి కూడా ఆ పేరే పెట్టుకున్నారు. 1920లలో గుంటూరు ప్రాంతానికి వర్జీనియా పొగాకు సాగు వచ్చి, దానివెంట గొట్టాల వేడితో క్యూరింగ్ చేసే పద్ధతి కూడా వచ్చినప్పుడు, పంట, పద్ధతి, పేరు మూడూ ఒకే మూటగా దిగాయి. ఇంగ్లండులో బార్న్ అంటే గింజలు పోసే చోటు. మన పల్లెల్లో బ్యారన్‌లో గింజ ఉండదు. గింజలకు గాదె, గరిసె, పాతర వంటి మాటలు మనకు ముందే ఉన్నాయి కాబట్టి, వచ్చిన మాటకు కొత్త పని మాత్రమే మిగిలింది. బార్లీ ఇంటిగా పుట్టి వ్యాకోచించిన మాట మన దగ్గరికి వచ్చి పొగాకు ఒక్కదానికే కుదించుకుపోవడం అర్థసంకోచానికి మంచి ఉదాహరణ. అరువు మాటలు తరచు ఇలాగే ఇరుకవుతాయి.

ఇదే మాట 1942లో అమెరికాలో అణుభౌతిక శాస్త్రంలోకీ దూరింది. పది ఘాతం మైనస్ 28 చదరపు మీటర్ల విస్తీర్ణానికి పర్డ్యూ విశ్వవిద్యాలయంలోని ఇద్దరు శాస్త్రవేత్తలు బార్న్ అని పేరు పెట్టారు. కేంద్రకాన్ని కొట్టడానికి వచ్చే కణానికి ఆ మాత్రం వైశాల్యం కొట్టమంత పెద్ద గురి అని వాళ్ళ పరిహాసం.

పోలికల ఉచ్చు

తప్పుదారులను కూడా కాగితం మీద రాసుకుని కొట్టేయాలి, లేకపోతే అవి మళ్ళీ మళ్ళీ వస్తాయి. ఓల్డ్ ఇంగ్లీషులోనే బెయర్న్ అనే ఇంకొక మాట ఉంది, అర్థం బిడ్డ. స్కాట్లండులో నేటికీ బిడ్డను బెయిర్న్ అంటారు. స్వీడన్, నార్వే భాషల్లో అచ్చంగా బార్న్ అంటేనే బిడ్డ. అక్షరం అక్షరం కలిసినా దానికి, బార్లీ ఇంటికి ఏ సంబంధమూ లేదు. అది మోయడం, కనడం అనే అర్థమున్న ధాతువు నుంచి వచ్చింది. బేరన్ బిరుదు ఫ్రెంచి దారిన వచ్చింది. గొడ్డు నేల అనే అర్థమున్న బ్యారెన్ కూడా ఫ్రెంచి దారిదే. తెలుగు లిపిలో ఇవన్నీ దాదాపు ఒకటిగా కనిపిస్తాయి. పోలిక ఎంత దగ్గరైతే అనుమానం అంత పెంచుకోవాలని ఈ నాలుగు మాటలూ నాకు నేర్పాయి.

ఇదే పద్ధతి గోడౌన్ మీద

గుంటూరు మిర్చి యార్డు దారిలో వరుసగా కనిపించే గోడౌన్‌లను చూసి, కిందికి దిగి సరుకు దించుతారు కాబట్టి గో, డౌన్ కలిసి ఈ మాట వచ్చిందని చెప్పేవాళ్ళున్నారు. ఇది జానపద నిరుక్తి, అంటే ధ్వని పోలికను బట్టి జనం కల్పించుకున్న పుట్టుక కథ. తేదీలున్న వాక్యాల దగ్గరికే పోదాం. వెనిస్ వర్తకుడు చేజరే ఫెడెరీచి తూర్పు దేశాల ప్రయాణాల పుస్తకం 1588లో లండన్‌లో ఇంగ్లీషులోకి వచ్చింది. బర్మాలోని పెగూ నగరంలో ఇళ్ళు వెదురుతో కట్టి ఆకులు కప్పినవనీ, అవి తరచు తగలబడేవనీ, అందుకని వర్తకులు విలువైన సరుకు దాచుకోవడానికి ఇటుకల ఇల్లు ఒకటి పెట్టుకుంటారనీ, దాన్ని గోడన్ అంటారనీ అందులో ఉంది. ఆ వాక్యంలో డౌన్ లేదు. ఆ రూపం తరవాత ఇంగ్లీషువాళ్ళ చెవి తనకు తెలిసిన రెండు మాటల్లోకి మలుచుకున్నది. పోర్చుగీసువాళ్ళు అంతకు ముందే దాదాపు ఇదే రూపంలో వాడారు. మలయా భాషలో సరుకు కొట్టు గుదాంగ్.

మరి మలయాకు ఎక్కడిది? యూల్, బర్నెల్ కూర్చి 1886లో ప్రచురించిన హాబ్సన్ జాబ్సన్ అనే ఆంగ్లో ఇండియన్ నిఘంటువు దీన్ని దక్షిణ భారతానికి చేరుస్తుంది. తెలుగు గిడంగి, గిడ్డంగి, తమిళం కిడంగు అనే మాటలను చూపి, సరుకు పడి ఉండే చోటు అని వివరిస్తుంది. కోరమాండల్ తీరానికీ మలయా ద్వీపాలకూ మధ్య రాకపోకలు చాలా పాతవి కనక దారి ఉన్నదే. ఇక్కడే మనవాళ్ళు చప్పట్లు కొట్టి, గోడౌన్ మన తెలుగు మాటే అని ముగిస్తారు. నేను అంత దూరం పోను. పడి ఉండు అనే అర్థంలో కిడ ధాతువు తమిళంలో నిత్యం నోట ఆడే క్రియ. తెలుగులో అది అలా జీవించి లేదు. కాబట్టి మాట దక్షిణాది నుంచి బయల్దేరింది అన్నంతవరకు ఆధారం గట్టిగానే ఉంది, తెలుగు రేవు నుంచా తమిళ రేవు నుంచా అన్నచోట తూకం తమిళం వైపు కొంచెం మొగ్గుతుంది. అభిమానం పక్కన పెట్టి మొగ్గును మొగ్గుగానే రాసుకోవాలి. హాబ్సన్ జాబ్సన్, బ్రౌన్ తెలుగు నిఘంటువు, బరో, ఎమెనో సంకలనం చేసిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు మూడూ షికాగో విశ్వవిద్యాలయం వారి దక్షిణాసియా డిజిటల్ గ్రంథాలయంలో ఉచితంగా దొరుకుతాయి. మన భాషల మాట ఇంగ్లీషులో కనిపించినప్పుడు మూడింటినీ పక్కపక్కన తెరిచి చూడడం మంచిది.

ఆ పెగూ వాక్యంలో ఇంకొక మాట కూడా ఉంది. ఆ ఇటుకల ఇంటిని రచయిత మొదట మ్యాగసన్ అని, వెంటనే దాన్నే గోడన్ అంటారని చెప్పాడు. ఆ మ్యాగసన్ కొట్లు అనే అర్థమున్న అరబ్బీ మఖాజిన్ నుంచి ఐరోపాకు చేరి, మందుగుండు కొట్టుగా, తుపాకీలో గుళ్ళు పెట్టే అరగా మారి, 1731లో లండన్‌లో మొదలైన జెంటిల్‌మన్స్ మ్యాగజీన్ పేరుతో పత్రిక అనే అర్థం తెచ్చుకుంది. వ్యాసాల కొట్టు అన్నమాట. గ్రంథాలయాన్ని పుస్తక భాండాగారం అన్న మన పెద్దలకు ఈ ఊహ కొత్తగా తోచదు.

కార్డు రాసుకోవడం

వెదికినదంతా మాటకొక కార్డు చొప్పున రాసుకోమంటాను. పై వరుసలో నేటి రూపం, దాని కింద వెనక్కి పోయే క్రమంలో ఒక్కొక్క పాత రూపం, దాని ఎదుట సంవత్సరం, ఏ పుస్తకంలో ఉందో, ఆ వాక్యంలో పక్కన ఏ వస్తువు ఉందో. రాతలో కళ్ళతో చూసిన రూపానికి సిరా, పండితుల ఊహకు పెన్సిలు. కొట్టేసిన తప్పు పోలికలు కార్డు వెనక. నెట్‌లో ఆధారం లేకుండా కనిపించే వ్యుత్పత్తులను కార్డుకు ఎక్కించకపోవడమే క్షేమం. ఇంట్లో పుస్తకాలు లేనివాళ్ళు గుంటూరు బృందావన్ గార్డెన్స్‌లో అన్నమయ్య గ్రంథాలయం, విజయవాడలో ఠాగూర్ గ్రంథాలయం వంటి చోట కూర్చుని ఈ పని చేసుకోవచ్చు.

నా బ్యారన్ కార్డు పై నుంచి కింది దాకా సిరాతోనే ఉంది, వెనకవైపు నాలుగు కొట్టివేతలతో. గోడౌన్ కార్డు మీద 1588 దాకా సిరా, గుదాంగ్ సిరా. గిడ్డంగి, కిడంగు ఒకే వరుసలో పెన్సిలుతో ఉన్నాయి, వాటి నడుమ గీత గీయలేదు.